ఔట్‌బోర్డు ఇంజను స్లోలో నిలవడం లేదా? కార్బ్యురేటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ 15న మొదలయ్యే సముద్రపు చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. 61 రోజులు గట్టు మీద ఉన్న పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగుతాయి. ఆ మొదటి వారం నా ఫోను మోగుతూనే ఉంటుంది. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, ఇస్కపల్లి, మైపాడు, ఎక్కడి నుంచి చేసినా దాదాపు ఒకటే మాట: "అన్నా, రేసు ఇస్తే బాగానే పోతోంది. స్లో చేస్తే కొట్టుకుని కొట్టుకుని ఆగిపోతోంది." ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే జవాబులన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. రేసు ఇవ్వకుండా ఇంజను తనంతట తాను తిరిగే వేగాన్ని ఐడిలింగ్ అంటారు. మన రేవుల్లో అందరూ "స్లో" అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను.

ఇదంతా ఏ ఇంజన్లకు వర్తిస్తుంది?

పడవ వెనక చెక్కకు తగిలించే పెట్రోలు ఔట్‌బోర్డులకు. ముఖ్యంగా 8, 9.9, 15 హార్స్‌పవర్ల టూ స్ట్రోక్ ఇంజన్లకు. చిన్న ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డుకు కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకు పంపేది) ఉంటే దానికీ చాలావరకు సరిపోతుంది, ఒక్క ఆయిల్ కలిపే సంగతి తప్ప. పొడుగు షాఫ్టు డీజిల్ ఇంజన్లు వాడేవాళ్ళకు ఇది పనికిరాదు. డీజిల్ ఇంజనుకు కార్బ్యురేటరే ఉండదు, అది స్లోలో కొట్టుకుంటే నాజిలు, డీజిల్ పంపు, ఫిల్టరు చూసుకోవాలి. కొత్తగా వస్తున్న ఫ్యూయల్ ఇంజెక్షన్ ఔట్‌బోర్డులకు కూడా కార్బ్యురేటర్ లేదు.

నిషేధానికి ముందు రోజు దాకా బాగా నడిచింది. ఎవరూ ముట్టుకోలేదు. మరి ఇప్పుడెందుకు ఇలా?

ఎవరూ ముట్టుకోకపోవడమే కారణం. కార్బ్యురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఎప్పుడూ కొంచెం పెట్రోలు నిలిచి ఉంటుంది. ఇంజను ఆపి గట్టున పెట్టేశాక, మన ఏప్రిల్, మే ఎండల్లో ఆ పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు ఎగిరిపోతుంది. మిగిలింది చిక్కబడి, టూ స్ట్రోక్ ఆయిలుతో కలిసి జిగురులా అవుతుంది. ఇంకొన్నాళ్ళకు వార్నిష్ పూసినట్టు గోధుమరంగు పొరగా గట్టిపడుతుంది.

అది ముందు ఎక్కడ అడ్డుపడుతుందో చూడండి. కార్బ్యురేటర్‌లో స్లోకి ఒక దారి, రేసుకి ఒక దారి ఉంటాయి. రేసుకి పెట్రోలు ఇచ్చేది మెయిన్ జెట్, దాని రంధ్రం పెద్దది. స్లోకి ఇచ్చేది పైలట్ జెట్, దాని రంధ్రం చాలా సన్నగా ఉంటుంది. ఒకే జిగురు రెండు చోట్లా పేరుకున్నా మూసుకుపోయేది సన్న దారే. అందుకే రేసులో గుర్రంలా పరిగెత్తే ఇంజను స్లోకి రాగానే ఊపిరాడక ఆగిపోతుంది. లక్షణం తిరగబడి, స్లో చక్కగా ఉండి రేసు ఎత్తుకోకపోతే మెయిన్ జెట్‌నో, పెట్రోలు సరఫరానో అనుమానించాలి.

రేసులో పోతోంది కదా, స్లో గురించి ఇంత ఆలోచించాలా?

ఆలోచించాలి. జువ్వలదిన్నె లాంటి హార్బర్లోనో, కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకులోనో పడవ కట్టుకునేవాళ్ళకు కొంత నయం. మిగతా ఊళ్ళలో మనం దించేది తెరిచి ఉన్న ఇసుక గట్టు మీంచి. అలలు విరిగే చోటు దాటేటప్పుడు ఏం చేస్తామో మీకు నేను చెప్పనక్కర్లేదు. స్లోలో పెట్టుకుని, ముక్కు అలకు ఎదురుగా నిలబెట్టి, రెండు అలల మధ్య సందు చూసి ఒక్కసారిగా రేసు ఇస్తాం. ఆ క్షణంలో ఇంజను దగ్గి ఆగిపోతే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ మీద తర్వాతి అల విరిగితే వల పోతుంది, ఇంజను పోతుంది, మనిషి ప్రాణానికీ ముప్పే. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. అందుకే రేసు ఎంత బాగున్నా సరే, స్లో నిలవని ఇంజనుతో అలలోకి దిగొద్దని బతిమాలి చెబుతాను.

కార్బ్యురేటర్ విప్పే ముందు ఏం చూడాలి?

ముందు ట్యాంకు మూత మీద ఉండే గాలి స్క్రూ. నడిపేటప్పుడు అది తెరిచి ఉండాలి. మూసి ఉంటే పెట్రోలు తగ్గే కొద్దీ ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి, కొద్ది నిమిషాలకు ఇంజను ఆకలితో ఆగిపోతుంది. ఇది చెబితే చిన్నమాటలా ఉంటుంది గానీ, నాకు "కార్బ్యురేటర్ పోయింది" అని వచ్చిన ఇంజన్లలో కొన్నింటికి మందు ఈ ఒక్క స్క్రూనే.

తర్వాత పెట్రోలు. ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, కదపకుండా అరగంట నీడలో పెట్టండి. అడుగున వేరే పొరగా, బొట్లుగా ఏమైనా కనిపిస్తే అది నీరు. పుల్లటి వార్నిష్ వాసన వస్తే పెట్రోలు పాతబడిందని అర్థం. ఏ ఒక్కటి ఉన్నా ఆ పెట్రోలంతా తీసేయండి. చెడ్డ పెట్రోలు ట్యాంకులో ఉంచి కార్బ్యురేటర్ ఎన్నిసార్లు కడిగినా వృథా.

ఆపైన గొట్టం. గొట్టం మధ్యలో పెట్రోలు ఎక్కించడానికి చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది, దాని మీద బాణం గుర్తు ఇంజను వైపు చూడాలి. ఇంజనుకు తగిలించే కనెక్టర్‌లో చిన్న రబ్బరు రింగు ఉంటుంది. ఉప్పుకి, ఎండకి అది పగిలితే పెట్రోలు బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. బయటికి తడి కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రబ్బరు రింగు మార్చడానికి అయ్యే ఖర్చు ఒక టీ ఖర్చు కంటే పెద్దగా ఎక్కువుండదు, ముందుగానే మార్చేయండి.

ఇవన్నీ చూసేటప్పుడు దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పడవ అడుగున చేరి నిలుస్తుంది.

బల్బు నొక్కుతూ ఉంటే నడుస్తోంది, వదిలేస్తే ఆగిపోతోంది. ఏంటి అర్థం?

పైలట్ జెట్ తప్పు కాదని అర్థం. మీ చెయ్యి పంపు పని చేస్తోంది, అంటే అసలు పంపు పని చేయడం లేదు, లేదా గొట్టంలో ఎక్కడో గాలి పీల్చుకుంటోంది.

టూ స్ట్రోక్ ఔట్‌బోర్డులో పెట్రోలు పంపుకి విడిగా మోటారు ఉండదు. పిస్టన్ కిందికీ పైకీ ఆడేటప్పుడు క్రాంక్ కేసులో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఊపుకి పల్చని డయాఫ్రమ్ ఆడి పెట్రోలు లాగుతుంది. స్లోలో ఆ ఊపు బలహీనం. కాబట్టి డయాఫ్రమ్ గట్టిపడినా, సాగిపోయినా దెబ్బ స్లోలో కూడా తెలుస్తుంది. డయాఫ్రమ్ చిరిగితే ఇంకో రకం గొడవ: పెట్రోలు నేరుగా క్రాంక్ కేసులోకి పోతుంది, పొగ, తడి ప్లగ్గు, స్టార్టింగ్ ట్రబుల్ అన్నీ వస్తాయి. పంపు కిట్టు అంటే డయాఫ్రమ్, గ్యాస్కెట్లు, అంతే. రెండు మూడేళ్ళకోసారి మార్చుకుంటే మంచిది.

బల్బు చూసి ఇంకొన్ని పసిగట్టొచ్చు. నడుస్తుండగా బల్బు చప్పబడి లోపలికి ముడుచుకుంటే అడ్డు బల్బుకి ముందు ఉంది: గాలి స్క్రూ, లేదా ట్యాంకులోని జల్లెడ. ఎంత నొక్కినా గట్టిపడకపోతే బల్బులోని వాల్వు పాడైంది, లేదా గాలి లీకు, లేదా కార్బ్యురేటర్ గిన్నె నిండగానే పెట్రోలుని ఆపాల్సిన ఫ్లోటు సూది మూసుకోక పెట్రోలు పొంగిపోతోంది.

చోక్ సగం లాగితేనే స్లోలో నిలుస్తోంది. అలాగే నడిపేయొచ్చా?

వద్దు. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. అప్పుడు కుదురుకుంటోందంటే మామూలుగా దానికి పెట్రోలు చాలడం లేదని ఇంజనే చెబుతోంది. పైలట్ జెట్ మూసుకోవడం, లేదా కార్బ్యురేటర్‌కీ ఇంజనుకీ మధ్య గ్యాస్కెట్ దగ్గర గాలి దూరడం, ఈ రెండింటిలో ఒకటి.

టూ స్ట్రోక్‌లో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గింది. పిస్టన్‌కి, సిలిండర్‌కి తడి తగ్గి గీతలు పడతాయి. పెట్రోలు తక్కువైన ఇంజను వేడెక్కుతుంది కూడా. గ్యాస్కెట్ లీకు అనుమానం ఉంటే, ఇంజను స్లోలో ఉండగా చిన్న బ్రష్షుతో ఆ అతుకు చుట్టూ ఇంజన్ ఆయిల్ రాయండి. ఒకచోట రాయగానే శబ్దం మారిందా, లీకు అక్కడే ఉంది.

పక్కన ఉన్న స్క్రూ కొంచెం తిప్పితే సరిపోతుందని చెప్పారు. ఎంత తిప్పాలి?

ముందు తిప్పకండి. నేను పని నేర్చుకునే రోజుల్లో స్లో కొట్టుకున్నప్పుడల్లా మొదట పైలట్ స్క్రూ (స్లోకి గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసే సూదిమొన స్క్రూ) మీద చెయ్యి వేసేవాణ్ణి. ఒకసారి మా సొంత ఇంజనుకే అది బిగించి బిగించి, సూది మొన మీద చుట్టూ గాడి పడేలా చేశాను. సూది మొన ఒకసారి చెడితే ఇక ఎంత తిప్పినా సరైన చోటు దొరకదు. ఆ సీజన్ అంతా స్లో కుదరలేదు, చివరికి సూది మార్చాల్సి వచ్చింది. అసలు రోగం జెట్‌లో చెత్త. నిన్నటిదాకా సరిగ్గా ఉన్న స్క్రూ రాత్రికి రాత్రి తనంతట తాను తిరగదు కదా.

జెట్లు శుభ్రం చేసి, పెట్రోలు మార్చి, ప్లగ్గులు చూశాకే స్క్రూ దగ్గరికి రండి. ఎలాగంటే, మొదట మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఆనగానే ఆపాలి, బిగించకూడదు. చాలా చిన్న ఔట్‌బోర్డులకు ఆనిన చోటు నుంచి ఒకటి నుంచి రెండు చుట్లు బయటికి తిప్పడం మొదటి కొలత. మీ మోడల్‌కి సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది.

సరిచేయడం ఇంజను వేడెక్కాకే, పది నిమిషాలు నడిచాక. కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ తడబడే చోటు గుర్తుపెట్టుకోండి. తర్వాత బయటికి తిప్పుతూ రెండోసారి తడబడే చోటు చూడండి. రెండింటి మధ్య ఉంచి, పెట్రోలు ఎక్కువ వచ్చే వైపు పిసరంత జరపండి. ఏ వైపు తిప్పితే పెట్రోలు ఎక్కువో అన్ని కార్బ్యురేటర్లకీ ఒకటి కాదు. స్క్రూ థ్రాటిల్ రేకుకి (రేసు ఇస్తే తెరుచుకునే రేకు) ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు మిశ్రమాన్ని ఆపేది, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. గాలి వచ్చే వైపు ఉంటే అది గాలిని ఆపేది, లోపలికి తిప్పితేనే పెట్రోలు పాలు పెరుగుతుంది. చివరగా ఒక్కసారిగా రేసు ఇచ్చి చూడండి. దగ్గి ఎత్తుకుంటే ఇంకా పెట్రోలు చాలలేదు.

స్లో వేగం పెంచే స్క్రూ వేరు, అది థ్రాటిల్ రేకుని కొంచెం తెరిచి ఉంచుతుంది. ఆగిపోతోందని దాన్నే తిప్పి తిప్పి వేగం పెంచేస్తే గేరు వేసినప్పుడల్లా డమ్మని కొట్టుకుని గేరు పళ్ళు అరిగిపోతాయి.

కార్బ్యురేటర్ నేనే విప్పి శుభ్రం చేసుకోవచ్చా?

ఓపికున్న ఎవరైనా చేసుకోవచ్చు. ఇసుకలో మాత్రం వద్దు. ఇంటికి తెచ్చి, శుభ్రమైన తెల్ల గుడ్డ పరిచి, గాలి తగిలే చోట, పొయ్యికి దూరంగా కూర్చోండి. ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకోండి, ఏ గొట్టం ఎక్కడిదో మర్చిపోతామన్న టెన్షన్ ఉండదు.

గిన్నె అడుగున ఉన్న స్క్రూ విప్పి పెట్రోలు ఒక తెల్లని గిన్నెలోకి దించండి. అందులో ఏముందో చూస్తే సగం కథ తెలుస్తుంది. నీటి బొట్లా, ఇసుకా, తుప్పు పొడా, ఆకుపచ్చగా ఇత్తడి చిలుమా? చిలుము ఉంటే నీరు చాలాకాలంగా నిలిచి ఉందన్నమాట. గిన్నె విప్పాక ఫ్లోటు, దాని ఇరుసు, సూది తీసి పక్కన పెట్టండి. ఇరుసు చాలా చిన్నది, జారితే దొరకదు. తర్వాత మెయిన్ జెట్, పైలట్ జెట్. స్క్రూడ్రైవర్ గాడిలో సరిగ్గా పట్టేది వాడాలి. వదులుది వాడితే ఇత్తడి గాడి చెక్కుకుపోతుంది. పైలట్ స్క్రూ తీసే ముందు చుట్లు లెక్కపెట్టడం మర్చిపోవద్దు.

జెట్‌ని వెలుతురుకి ఎత్తి చూస్తే గుండ్రని చుక్కలా వెలుగు కనిపించాలి. కనిపించకపోతే కార్బ్యురేటర్ క్లీనరు కొట్టి కాసేపు నానబెట్టి, గాలి కొట్టండి. దయచేసి స్టీలు తీగ, పిన్నీసు, గిటారు తీగ ఏదీ పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్క పిసరు పెద్దదైనా ఆ జెట్ లెక్క తప్పిపోతుంది. ఒకచోట రిపేరుకి ఇచ్చిన మా బంధువుల ఇంజనుకి ఇలాగే చేశారు. అప్పటి నుంచి అది పొగ కక్కుతూ, పెట్రోలు తాగుతూ నడిచింది, కొత్త జెట్ వేసేదాకా. దీనికి మన ఇళ్ళలోనే మంచి సాధనం ఉంది: సన్న నైలాన్ వల దారం ముక్క. గట్టి జిగురుకి దాన్ని దూర్చి ఆడిస్తే జెట్‌కి గీత పడదు, చెత్త వచ్చేస్తుంది.

జెట్లు తీసిన తర్వాత కార్బ్యురేటర్ ఒంట్లో ఉన్న దారులే అసలు పని. థ్రాటిల్ రేకు అంచు దగ్గర, లోపలి గోడకి వరసగా రెండు మూడు సూదిమొన రంధ్రాలు ఉంటాయి. స్లో నుంచి రేసుకి మారేటప్పుడు పెట్రోలు అందించేవి అవే. అవి మూసుకుంటే స్లో నిలిచినా, రేసు ఇవ్వగానే ఒక్క క్షణం చచ్చిపోయి తర్వాత ఎత్తుకుంటుంది. అలలో మనల్ని ముంచేది ఆ ఒక్క క్షణమే. క్లీనరు పైపు పైలట్ స్క్రూ రంధ్రంలో పెట్టి కొట్టినప్పుడు అన్నింటిలోంచీ సన్న ధార రావాలి. కళ్ళజోడు పెట్టుకోండి, అది కంట్లో పడితే భరించలేం. రబ్బరు రింగులు, ప్లాస్టిక్ ఫ్లోటు క్లీనర్‌లో వేయకూడదు, ఉబ్బిపోతాయి.

బిగించేటప్పుడు పాత గ్యాస్కెట్ వాడకండి. ఫ్లోటు ఎత్తు మాన్యువల్ కొలత ప్రకారం చూసుకుని, సూది మొన మీద గీత ఉంటే సూది కూడా మార్చేయండి.

స్లోలో తెగ పొగ, ప్లగ్గు నల్లగా తడిగా వస్తోంది. ఇదీ జెట్ మూసుకోవడమేనా?

కాదు, దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెట్రోలు ఎక్కువవుతోంది. చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా చూడండి, కేబులు ఉప్పుకి పట్టేసి సగంలోనే ఉండిపోవచ్చు. తర్వాత ఫ్లోటు సూది. సూది కింద ఇసుక రేణువు ఒక్కటి ఇరుక్కున్నా గిన్నె పొంగుతుంది. ఫ్లోటు చిల్లుపడి లోపల పెట్రోలు చేరితే తేలక మునుగుతుంది, చెవి దగ్గర పెట్టి ఊపితే గలగల తెలుస్తుంది. పంపు డయాఫ్రమ్ చిరగడం గురించి పైన చెప్పాను. ఇవేవీ కాకపోతే ఆయిల్ ఎక్కువ కలిపారేమో చూసుకోండి.

ఆయిల్ ఎంత కలపాలి? బైకు టూటీ ఆయిల్ వేయొచ్చా?

చాలా టూ స్ట్రోక్ ఔట్‌బోర్డులకు 50 పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు ఆయిల్. అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, పది లీటర్ల డబ్బాకి 200. కొన్ని మోడళ్ళకు 100కి 1 అని ఉంటుంది, కొత్త ఇంజనుకి మొదటి గంటల్లో 25కి 1 అని ఉంటుంది. మీ మాన్యువల్ మాటే ఆఖరు. కంటి అంచనాతో పోయొద్దు, కొలత గ్లాసు వాడండి.

బైకుల, స్కూటర్ల టూటీ ఆయిల్ వద్దు. అది గాలితో చల్లబడే, వేడిగా నడిచే ఇంజన్ల కోసం చేసింది, అందులో బూడిద మిగిల్చే పదార్థాలు ఉంటాయి. సముద్రపు నీటితో చల్లబడే ఇంజనులో అవి ప్లగ్గు మీద, పిస్టన్ రింగుల్లో పేరుకుంటాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నది తీసుకోండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ పెట్రోలుతో ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. చాలా ఔట్‌బోర్డుల మాన్యువల్లలో 10 శాతం దాకానే వాడమని ఉంటుంది. మనకి ఎంచుకునే వీలు తక్కువ కాబట్టి అది ఏం చేస్తుందో తెలుసుకుని నడుచుకోవాలి.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. పాత పెట్రోలుకి లెక్కగట్టిన జెట్‌లోంచి ఈ పెట్రోలు వస్తే, పెట్రోలు కొంచెం తగ్గించినట్టే అవుతుంది. ముందే సగం మూసుకున్న పైలట్ జెట్‌కి ఈ కొంచెం కూడా తోడైతే స్లో ఆగిపోతుంది. రెండోది, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలిలో తేమ ఎంత ఉంటుందో తెలిసిందే. పీల్చుకోగలిగినంత పీల్చుకున్నాక నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. ట్యాంకులో పెట్రోలు లాగే గొట్టం ఉండేది కూడా అడుగునే! మూడోది, పాత ఇంజన్ల రబ్బరు గొట్టాలు, రింగులు ఉబ్బి మెత్తబడతాయి, గొట్టం లోపలి పొర ఊడి నల్ల పొడిగా జెట్లలోకి చేరుతుంది.

నేను చేసేవి మూడు. రెండు మూడు వారాల్లో అయిపోయేంతే పెట్రోలు తెచ్చుకుంటాను. ఎండలో సగం ఖాళీ డబ్బా ఉంచను, ఖాళీ ఎంత ఉంటే తేమ అంత చేరుతుంది. నీటిని విడదీసే ఫిల్టరు గొట్టం మధ్యలో పెట్టాను, దాని గిన్నె వారానికోసారి చూస్తాను. ఇథనాల్‌కి తట్టుకునే కొత్త గొట్టం వేశాక నల్ల పొడి మళ్ళీ కనిపించలేదు.

పెట్రోలులో కిరోసిన్ కలిపితే ఖర్చు తగ్గుతుంది కదా?

పెట్రోలు ఇంజనులో కలపొద్దు. కిరోసిన్ సరిగ్గా ఆవిరి కాదు, స్లోలో అయితే మరీ కాదు. ప్లగ్గు తడిసిపోతుంది, రేసులో ఇంజను లోపల టకటక కొట్టి పిస్టన్‌ని తినేస్తుంది. కిరోసిన్ కోసమే తయారుచేసిన ఔట్‌బోర్డులు వేరు. వాటినైనా పెట్రోలుతో స్టార్ట్ చేసి వేడెక్కాక కిరోసిన్‌కి మార్చాలి, ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకి మార్చి కాసేపు నడపాలి. ఈ చివరి పని ఎగ్గొడితే గిన్నెలో కిరోసిన్ మిగిలి, మర్నాడు తెల్లవారుజామున తాడు లాగి లాగి చేతులు పోతాయి.

కార్బ్యురేటర్ కొత్తదానిలా శుభ్రం చేశాను. అయినా స్లో కొట్టుకుంటోంది.

అయితే చూపు కార్బ్యురేటర్ మీంచి తీసేయండి. రెండు సిలిండర్ల ఇంజనులో ఒకటి సరిగ్గా కాలకపోయినా రేసులో పెద్దగా తెలియదు, స్లోలో వణికిపోతుంది. రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. ఒకటి పొడిగా లేత గోధుమరంగులో, ఒకటి తడిగా నల్లగా ఉంటే తడిది కాలడం లేదు. ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడండి. జబ్బు ప్లగ్గుతో పాటు పోతే ప్లగ్గు మార్చండి, పోకపోతే కాయిలు, వైరు, ఉప్పు పట్టిన క్యాపు చూడాలి. ప్లగ్గు సందు కూడా కొలవండి. ఎన్‌జీకే ప్లగ్గు పేరు చివర 10 అని ఉంటే సందు 1 మిల్లీమీటరు.

నిప్పు బాగానే ఉంటే సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టించండి. రెండు సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం దాటితే లోపలి పనే. కార్బ్యురేటర్ నోటి దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే స్లోలో పెట్రోలు తుంపర్లు వెనక్కి కొడుతున్నాయా? అలాగైతే లోపలికి పోయింది వెనక్కి రాకుండా ఆపే రీడ్ వాల్వు రేకు విరిగిందో, ఎత్తుకుని ఉందో.

చల్లబరిచే నీటిని అదుపు చేసే థర్మోస్టాట్‌ని ఎక్కువమంది మర్చిపోతారు. ఉప్పు, ఇసుక పట్టి అది తెరుచుకునే ఉండిపోతే ఇంజను ఎంతసేపు నడిచినా చల్లగానే ఉంటుంది. చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక స్లో కొట్టుకుంటుంది, ప్లగ్గులు ఆయిల్ పట్టేస్తాయి. విప్పి వేడినీళ్ళ గిన్నెలో వేస్తే తెరుచుకుని, చల్లార్చితే మూసుకోవాలి.

డ్రమ్ములో ఒకలా, సముద్రంలో ఒకలా నడుస్తోంది. ఏది నిజం?

సముద్రంలోదే నిజం. డ్రమ్ములో ఇంజను వదిలిన పొగ అక్కడక్కడే తిరిగి మళ్ళీ కార్బ్యురేటర్ నోట్లోకి పోతుంది, దాంతో బాగున్న ఇంజను కూడా తడబడుతుంది. కింద పైపు తగిలించి నీళ్ళు పెట్టి నడిపితే పొగగొట్టానికి నీటి ఒత్తిడి ఉండదు, స్లో వేగం ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ సరిచేసింది నీళ్ళలో దించగానే పడిపోతుంది. కాబట్టి చివరి సర్దుబాటు పడవని గట్టిగా కట్టి, నీళ్ళలో, ముందు గేరు వేసి చేయాలి. మాన్యువల్‌లో గేరులో స్లో ఎంత ఉండాలో విడిగా రాసి ఉంటుంది. నీళ్ళు లేకుండా మాత్రం అర నిమిషం కూడా నడపకండి, వాటర్ పంపు రబ్బరు రెక్కలు మాడిపోతాయి.

అలకి తిరగబడి ఇంజను మునిగింది. ఏం చేయాలి?

పైకి తీసినప్పటి నుంచి గంటలే ఉన్నాయి. ఉప్పునీరు తగిలిన బేరింగులకు గాలి తగలగానే తుప్పు మొదలవుతుంది. ముందు మంచినీళ్ళతో అంతా కడగండి. ప్లగ్గులు తీసి, రంధ్రాలు కిందికి ఉండేలా పడుకోబెట్టి తాడు మెల్లగా లాగుతూ నీళ్ళు బయటికి పంపండి. తాడు గట్టిగా ఉంటే బలవంతం చేయొద్దు, ఇసుక పోయి ఉంటుంది, లోపల విప్పాల్సిందే. కార్బ్యురేటర్ గిన్నె ఖాళీ చేసి కడిగి, సిలిండర్లలో ఆయిల్ పోసి, కొత్త పెట్రోలుతో అదే రోజు స్టార్ట్ చేసి అరగంట నడపాలి. స్టార్ట్ చేసే వీలు లేకపోతే, మెకానిక్ వచ్చేదాకా మంచినీళ్ళ డ్రమ్ములో ముంచి ఉంచడం గాలికి వదిలేయడం కంటే మేలు.

నిషేధానికి ముందు ఇంజను ఎలా కట్టిపెట్టాలి?

ఏప్రిల్ 14 సాయంత్రం ఒక్క గంట కేటాయించండి. మంచినీళ్ళలో పది నిమిషాలు నడిపి ఉప్పు కడగండి. గొట్టం తీసేసి, గిన్నె స్క్రూ విప్పి అడుగు పెట్రోలు చుక్క లేకుండా దించేయండి. గొట్టం తీసి ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపితే చాలని కొందరంటారు. అలా చేసినా అడుగున కొంత మిగులుతుంది, స్క్రూ విప్పడమే ఖాయమైన పద్ధతి. ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి తాడు నాలుగుసార్లు మెల్లగా లాగండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఇంట్లో ఉంచకండి. ఇంజను నిలువుగా, నీడలో, గాలి ఆడే గుడ్డ కప్పి ఉంచండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కట్టితే లోపల చెమట పడుతుంది.

సముద్రం మధ్యలో స్లో ఆగిపోవడం మొదలైతే?

ముందు లంగరు రెడీగా పెట్టుకుని, పడవలో ఉన్నవాళ్ళందరూ లైఫ్ జాకెట్ వేసుకోండి. గాలి స్క్రూ, గొట్టం కనెక్టరు, బల్బు, ఈ మూడూ ఒక్క నిమిషంలో చూసేయొచ్చు. చోక్ కొంచెం లాగితే నిలుస్తోందంటే జెట్. ఒడ్డు చేరేదాకా సగం రేసులో రండి, స్లోకి తేవద్దు, పూర్తి రేసూ వద్దు. బల్బు నొక్కితే నిలుస్తోందంటే ఒకరు బల్బు దగ్గర కూర్చుని నొక్కుతూ ఉండండి. అల విరిగే చోటికి వచ్చేముందు బయటే ఆగి, ఒడ్డున ఉన్నవాళ్ళకి ఫోను చేసి తాడుతో సిద్ధంగా ఉండమనండి. ఇంకో పడవ దగ్గర్లో ఉంటే లాగించుకుని రావడమే మంచిది. నా పడవలో ప్లాస్టిక్ డబ్బాలో రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్ స్పానరు, కనెక్టరు రబ్బరు రింగు, బల్బుతో సహా అదనపు గొట్టం, అర మూర నైలాన్ దారం ఎప్పుడూ ఉంటాయి. సముద్రం నెమ్మదిగా ఉన్న రోజు ఒకసారి ఆ గొట్టం మార్చి చూసుకోండి, అసలు అవసరం వచ్చినప్పుడు చేతులు తడుముకోకుండా ఉంటాయి.